భార్గవి ప్రశ్న ఎవరిని తాకాలి

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను. సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూడండి. మీరు రాస్తున్న నవల 1986లో, చంద్రగిరి దగ్గరి ఒక పల్లెలో జరుగుతుంది. నాయిక భార్గవి పదమూడేళ్ళ పిల్ల, నాలుగెకరాల రైతు కూతురు. ఇంటికి పనికి వచ్చేవాళ్ళకు చూరు కింద వేరే గ్లాసు పెట్టడం చూసి సహించలేక, మూడో అధ్యాయంలో రచ్చబండ దగ్గర ఊరి పెద్దను నిలదీస్తుంది. చివరికి ఊరు మారుతుంది. చదివిన ముగ్గురు స్నేహితులూ ఒకే మాట అన్నారు: "పిల్ల మాట్లాడినట్టు లేదు, సభలో ఉపన్యాసం విన్నట్టు ఉంది." మాటలు తేలిక చేయాలా, లేక భార్గవి వయసు పెంచాలా అని అడిగారు.

రెండూ వద్దు. పదమూడేళ్ళ పిల్లకు పెద్ద ఆలోచన రాదనుకోవడం పొరపాటు. లోపం వేరేచోట ఉంది.

నేను ఈ జిల్లా ఉన్నత పాఠశాలల్లో 31 ఏళ్ళు తెలుగు చెప్పాను. పదవీ విరమణ తర్వాత తిరుపతిలో ఉంటూ, కొత్తగా రాసేవాళ్ళ రాతప్రతులు చదువుతున్నాను. భార్గవి లాంటి నాయికలను చాలామందిని చూశాను. వాళ్ళలో ఎక్కువమంది తమకు ముందే ఇష్టం లేని మనిషిని ప్రశ్నిస్తారు. మీ ఊరి పెద్ద మొదటి పేజీలోనే దుర్మార్గుడు. వడ్డీలు పిండుతాడు, ఆడపిల్లలను అదోలా చూస్తాడు. అతన్ని నిలదీయడానికి గుండెధైర్యం కావాలి, కాదనను. కానీ అలా నిలదీసినందువల్ల భార్గవి లోపల ఏదీ తెగదు. అసలు ఆ గ్లాసును చూరు కింద పెట్టింది ఎవరు? రెండో అధ్యాయంలో మీరే ఒక్క వాక్యంలో రాసి దాటేశారు: అవ్వ. భార్గవిని పక్కలో పడుకోబెట్టుకునే అవ్వ, జ్వరం వస్తే తెల్లవార్లూ తడిగుడ్డ వేస్తూ కూర్చునే అవ్వ. మీ నవల ఆ వాక్యంలో ఉంది. ప్రశ్న ఆ అవ్వను తాకాలి.

దీన్ని నాకు నేర్పింది ఒక ఏడో తరగతి పిల్ల. 2003లో ప్రాథమిక బడుల్లో మొదలైన మధ్యాహ్న భోజనం కొన్నేళ్ళకు మా ఉన్నత పాఠశాలకూ వచ్చింది. వంటమనిషి దళితవాడ నుంచి వచ్చేది. మొదటి వారం గడిచేసరికి ఊళ్ళోని పిల్లలు చాలామంది ఇంటి నుంచి క్యారియర్లు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. కారణం ఎవరూ చెప్పలేదు, అందరికీ తెలుసు. నేను రాజ్యాంగంలోని 17వ అధికరణాన్ని బోర్డు మీద రాసి, అంటరానితనాన్ని రద్దు చేశారని గంటసేపు పాఠం చెప్పాను. పిల్లలు శ్రద్ధగా రాసుకున్నారు. మర్నాడు ఒక్క క్యారియరు కూడా తగ్గలేదు.

ఆ ఏడో తరగతి పిల్ల కూడా క్యారియరు తెచ్చేది. తెచ్చి, దాన్ని వంటమనిషి చిన్నకొడుక్కి ఇచ్చి, తాను వరుసలో కూర్చుని బడి అన్నం తినేది. ఆ బాబు పక్కనే ఉన్న ప్రాథమిక బడిలో రెండో తరగతి. నీళ్ళ ట్యాంకు వెనక కూర్చుని తిని, గిన్నెలు కడిగి తెచ్చి ఇచ్చేవాడు. ఇది నేను రోజూ చూశాను. ఎవరికీ చెప్పలేదు, ఆ పిల్లతో కూడా ఒక్క మాట అనలేదు. అది మెప్పుతో ఊరుకోవడమో, పిరికితనంతో ఊరుకోవడమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

నాలుగు నెలలు గడిచాయి. ఒకరోజు పిల్ల క్యారియరు మరిచిపోయి వస్తే, వాళ్ళ అవ్వే ఎండలో నడిచి తీసుకువచ్చింది. ఆ బాబు ఎదురెళ్ళి చెయ్యి చాచాడు. "ఇవ్వండి అవ్వా, రోజూ నేనే తింటాను" అన్నాడు. నేను వరండాలో ఉన్నాను. ఆమె ముఖంలో కోపమో రోతో కనిపిస్తుందని బిగుసుకుపోయి చూశాను. కనిపించింది దిగులు. మనవరాలి వైపు తిరిగి అంది: "నాలుగు నెలలుగా నా చేతి ముద్ద నువ్వు తినలేదా?"

అంటు గురించి, మైల గురించి ఆమె నోట ఒక్క మాట రాలేదు. క్యారియరును మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ బాబు చేతికి మాత్రం ఇవ్వలేదు. వారం రోజులు పిల్ల క్యారియరు లేకుండానే వచ్చింది. ఎనిమిదో రోజు మళ్ళీ తెచ్చింది. దాన్ని ఎవరు తింటున్నారని అవ్వ అడగలేదట, పిల్లా చెప్పలేదట. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏమైందో నాకు తెలియదు.

నేను ఇంతసేపు ఇది ఎందుకు చెప్పానో మీకు తెలిసే ఉంటుంది. ఆ అవ్వలో ప్రేమ ఒక గదిలో, కులం ఇంకో గదిలో లేవు. మనవరాలి కోసం తెల్లవారుజామున లేచి పప్పు వండిన చెయ్యి, ఆ గిన్నెను పసివాడి చేతికి అందించలేని చెయ్యి, రెండూ ఒకటే. ఆ చేతిని మీరు రాయగలిగితే, రచ్చబండ అవసరం ఉండదు. భార్గవికి నష్టం అంటే ఏమిటో పాఠకుడికి అప్పుడు తెలుస్తుంది. ఊరి పెద్ద కోపం వస్తే వస్తుంది, పోతే పోతుంది. అవ్వ పక్కలో చోటు పోతే ఆ పిల్ల ఎక్కడ పడుకుంటుంది?

ఇక భార్గవి సంగతి. మీ రాతప్రతిలో ఆమె పుట్టుకతోనే నిర్మలంగా ఉంది. ఊరంతా ఒక రకం, ఆమె ఒక్కతే వేరు. అది నమ్మశక్యంగా లేదు. ఆ ఇంట్లో పెరిగిన పిల్ల ఐదేళ్ళకే నీళ్ళు పైనుంచి పోయడం నేర్చుకుని ఉంటుంది. చెంబు తగలకుండా, చుక్క చిందకుండా, ఎంత ఎత్తు నుంచి పోయాలో ఆమె మణికట్టుకు తెలుసు. ఎవరూ పాఠంగా చెప్పి ఉండరు. ఒకసారి చెంబు గ్లాసుకు తగిలితే అమ్మ చివుక్కున చూసి ఉంటుంది, అంతే. కాబట్టి కథ మొదట్లో భార్గవి బాగా పోయగలదని రాయండి. ఆ నేర్పుకు అవ్వ మెచ్చుకుంటుందని, పిల్ల మురిసిపోతుందని కూడా రాయండి. తర్వాత ఒకరోజు ఆమె తన చేతిని తానే చూసుకుంటుంది. మనసు వద్దన్నా చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది. ఈ ఒక్క దృశ్యం మీ పది పేజీల సంభాషణ కంటే బరువైనది.

అంతకంటే లోతుగా నాటుకున్నది మాటలో ఉంటుంది. తెలుగులో రాసేవాళ్ళకు ఇది వరం లాంటిది, మీరు వాడుకోలేదు. మన భాషలో ఎవరినీ గౌరవమో అగౌరవమో చూపకుండా పిలవలేం, ప్రస్తావించనూ లేం. వాడు, అతను, ఆయన అనే మూడింట్లో ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. పదమూడేళ్ళ పిల్ల తమ ఇంటికి పనికి వచ్చే యాభై ఏళ్ళ మనిషిని పేరు పెట్టి పిలిచి "రా, కూర్చో, తాగు" అంటుంది. ఆయన ఆ పిల్లను "పాపా" అంటాడు, కొన్నిచోట్ల "మీరు" అని కూడా అంటాడు. ఊళ్ళో మిగతా వాళ్ళందరినీ పిలవడానికి భార్గవికి వరుసలున్నాయి. మంగలి ఆయన మామ, కుమ్మరి ఆమె అత్త, ఎదురింటి ఆయన చిన్నాయన. రక్తసంబంధం లేకపోయినా వరుస ఉంది. పుట్టినప్పటి నుంచి తమ చేను దున్నుతున్న మనిషికి మాత్రం ఏ వరుసా లేదు, పేరొక్కటే. ఈ సంగతి పెద్దవాళ్ళ దృష్టికి రాదు. పిల్లకు వస్తుంది, ఎందుకంటే వరుసలు నేర్చుకునే వయసు ఆమెది. "ఆయనకు నేను ఏమవుతాను?" అని అవ్వను అడగనివ్వండి. అవ్వ దగ్గర జవాబు ఉండదు.

ఒకరోజు భార్గవి ఆ మనిషిని "పెదనాయనా" అని పిలుస్తుందనుకోండి. ఆయన సంతోషిస్తాడని రాయకండి. భయపడతాడు. చుట్టూ చూసి "అలా పిలవద్దు పాపా, ఎవరైనా వింటే బాగుండదు" అంటాడు. తాను మంచిపని చేశాననుకున్న పిల్లకు, ఆ మంచికి వెల చెల్లించేది వేరే మనిషి అని మొదటిసారి తెలుస్తుంది. కథనంలో కూడా ఆయన్ను మొదట "వాడు" అని, ఎక్కడో మధ్యలో "అతను" అని, చివరికి "ఆయన" అని రాయండి. ఎక్కడ మారిందో ఎత్తి చూపకండి. ప్రస్తుతం మీ ప్రతిలో పన్నెండో పేజీలో "వాడు", నలభయ్యో పేజీలో "గారు" ఉన్నాయి. అది మీకు తెలియకుండా జరిగినట్టుంది. తెలిసి చేయండి.

1986 అనే కాలం గురించి కొన్ని సవరణలు చెప్పాలి. మీ పోలీసు "అట్రాసిటీ చట్టం" అంటాడు. ఆ చట్టం 1989లో వచ్చింది, 1990 జనవరి 30న అమల్లోకి వచ్చింది. 1986లో ఉన్నది 1955 నాటి అస్పృశ్యత నేరాల చట్టం, దాన్నే 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా మార్చారు. మీరు "తిరుపతి జిల్లా" అని రాశారు. ఆ జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది, అప్పుడు చంద్రగిరి చిత్తూరు జిల్లాలోనే ఉంది. మండలాలు 1985లో కొత్తగా వచ్చాయి కాబట్టి అవ్వ వయసు వాళ్ళు ఇంకా తాలూకా అనే అంటారు. ఇవి చిన్నవే, తేలికగా దిద్దుకోవచ్చు.

పెద్దది ఒకటుంది. 1985 జూలై 17న కారంచేడు ఘటన జరిగింది. తాగునీటి చెరువును మురికి చేయవద్దని అడగడంతో మొదలైన గొడవ ఆరుగురు దళితుల హత్యకు దారితీసింది. మీ కథ అప్పటికి ఏడాది తర్వాతది. కారంచేడు అప్పట్లో ప్రకాశం జిల్లాలో ఉండేది, చంద్రగిరికి దూరమే. అయినా ఆ వార్త చేరని దళితవాడ రాష్ట్రంలో ఉండి ఉండదు. భార్గవి స్నేహితురాలు మునెమ్మను మీరు కన్నీళ్ళతో చేతులు జోడించే పిల్లగా రాశారు. ఆ వాడలో ఆ ఏడాది యువకులు రాత్రుళ్ళు దీపం చుట్టూ చేరి ఏం మాట్లాడుకున్నారో మునెమ్మ విని ఉంటుంది. భార్గవికి తెలియనిది ఆమెకు తెలుసు. నీళ్ళ దగ్గర నోరు తెరిస్తే ఏమవుతుందో తెలుసు. అందుకే భార్గవి ఆవేశంగా "నేను మాట్లాడతాను" అన్నప్పుడు, మునెమ్మ "నువ్వు మాట్లాడితే నిన్ను తిడతారు, మా నాయనను పనిలోంచి తీసేస్తారు" అని కోపంగా అనాలి. ఆ కోపం న్యాయమైనది. దాన్ని భార్గవి భరించాలి, పాఠకుడూ భరించాలి. మునెమ్మకు తనదైన పట్టుదల, తనదైన చిలిపితనం, భార్గవికి సంబంధం లేని తనదైన ఒక కోరిక ఇవ్వండి. లెక్కల్లో భార్గవి కంటే ముందుందని రాసినా చాలు, ఆమె నిలబడుతుంది.

లెక్కలంటే గుర్తొచ్చింది. మీ కథలో భార్గవి రోజూ ఉదయం పాలకేంద్రానికి వెళుతుందని ఒకచోట రాసి వదిలేశారు. చిత్తూరు ప్రాంతం వాళ్ళుగా మీకు తెలియనిది కాదు, మన దగ్గర వాన మొహం చాటేసి శనగకాయ పంట ఎండిన ఏడాది ఇంటిని నిలబెట్టేది పాడి ఆవే. పాలకేంద్రం దగ్గర ఊరివాళ్ళూ వాడవాళ్ళూ ఇద్దరూ క్యాన్లు పట్టుకుని వస్తారు. కేంద్రం నడిపే మనిషి లాక్టోమీటరు ముంచి చూస్తాడు, పరీక్షకు కొంచెం పాలు తీసుకుంటాడు, వెన్న శాతాన్ని బట్టి ధర కడతాడు. ఆపైన అన్ని పాలూ ఒకే పెద్ద క్యానులోకి పోస్తాడు. భార్గవి వాళ్ళ ఆవు పాలు, మునెమ్మ వాళ్ళ ఆవు పాలు కలిసిపోతాయి. మునెమ్మ వాళ్ళ పాలకు ఒకరోజు వెన్న ఎక్కువ వచ్చి ధర ఎక్కువ పలుకుతుంది. భార్గవి నిలబడి చూస్తుంది. ఇంటికి వస్తే చూరు కింద సత్తు గ్లాసు బోర్లించి ఉంటుంది.

ఇక్కడ మీకొక ప్రలోభం కలుగుతుంది. "క్యానులో కలిసిన పాలు గ్లాసులో ఎందుకు విడిపోయాయి?" అని భార్గవి చేత అనిపించాలనిపిస్తుంది. దయచేసి అనిపించకండి. పాలకేంద్రాన్ని నింపాదిగా, నురగ వాసన, తడి నేల, వరుసలో చిన్న చిన్న తగువులు అన్నీ పెట్టి రాయండి. గ్లాసును రెండు వాక్యాల్లో రాయండి. మధ్యలో ఏమీ రాయకండి. ఆ వాక్యాన్ని పాఠకుడు తన లోపల తానే అనుకోవాలి.

పిల్ల నోటి నుంచి వచ్చే ప్రశ్నలు చిన్నవిగా, వస్తువును పట్టుకుని ఉండాలి. మీ ప్రతిలో "వివక్ష", "సమానత్వం", "మూఢాచారం" అనే మాటలు భార్గవి నోట పదకొండుసార్లు వచ్చాయి, లెక్కపెట్టాను. వాటిని తీసేయండి. "ఆయన తాగాక గ్లాసు తనే ఎందుకు కడుక్కుంటాడు? మన గ్లాసులు మనం కడుక్కోం కదా?" అని అడిగితే అవ్వ ఏదో ఒకటి చెప్పక తప్పదు. పెద్దవాళ్ళు చెప్పే జవాబులు తడబడుతూ, ఒకదానితో ఒకటి పొసగకుండా ఉండాలి. "మనవాళ్ళు మొదటి నుంచీ అలాగే చేస్తున్నారు" అని అవ్వ, "వాళ్ళకే అది ఇష్టం" అని అమ్మ, "చదువుకునే పిల్లవు, నీకెందుకు" అని నాయన. మూడు జవాబులూ ఒక్క రోజులో వింటే పిల్లకు తేడా తెలుస్తుంది.

ముగింపు గురించి మీరు అడగలేదు గానీ, నాకు అన్నింటికంటే ఎక్కువ బెంగ దాని మీదే. ఊరు మారిపోవడం నమ్మేలా లేదని మీకూ అనుమానం ఉన్నట్టుంది, అందుకే భార్గవి బావిలో పడి చనిపోయే ఇంకో ముగింపు కూడా జతచేశారు. ఆ రెండోదాన్ని చించేయండి. ప్రాణమిచ్చిన ఆడపిల్లను పూజించడం మనకు బాగా అలవాటు. చిత్తూరు పక్కనే కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డి గారు "ముసలమ్మ మరణం" రాశారు. తెగబోతున్న చెరువుకట్టకు తనను తాను బలి ఇచ్చుకున్న చిన్నకోడలి కథ అది. గొప్ప కావ్యం, నేను పిల్లలకు ఇష్టంగా చదివి వినిపించేదాన్ని. ఒకసారి వెనక బల్ల మీది పిల్ల "చెరువుకు కోడలే ఎందుకు కావాలి టీచరమ్మా?" అని అడిగింది. ఊరు కోడలి త్యాగానికి చేతులెత్తి మొక్కుతుంది, ఈ ప్రశ్న అడిగే కోడలిని మాత్రం ఇంట్లో పెట్టుకోదు. మీరు ఆ రెండో రకం అమ్మాయి గురించి రాస్తున్నారు. ఆమెను బతికించండి.

బతికిన అమ్మాయి మాదిరి కావాలంటే ఒకప్పటి మన జిల్లాలోని తరిగొండ వైపు చూడండి. వెంగమాంబ 1730లో అక్కడ పుట్టింది. బాల్యంలోనే భర్త పోయాడు. ఆనాటి ఆచారం ప్రకారం తల గొరిగించుకోవాలని పెద్దలు పట్టుబట్టారు, ఆమె ఒప్పుకోలేదు. ఆమె తిరుగుబాటు సిద్ధాంతంగా రాలేదు, జుట్టు దగ్గర మొదలైంది. ఊళ్ళో నిందలు, వేధింపులు పడి, చివరికి తిరుమల చేరి, 1817లో కన్నుమూసేదాకా కావ్యాలు, యక్షగానాలు రాస్తూనే గడిపింది. ఇప్పటికీ శ్రీవారి ఏకాంతసేవలో ఆమె పేరున ముత్యాలహారతి ఇస్తారు. కొండ మీద కులం అడగకుండా రోజూ వేలమందికి పంక్తిలో అన్నం పెట్టే అన్నప్రసాద కేంద్రానికి పెట్టిన పేరూ ఆమెదే. అక్కడ తిన్న ప్రతిసారీ నాకు నీళ్ళ ట్యాంకు వెనక కూర్చున్న ఆ బాబు గుర్తొస్తాడు. వెంగమాంబ తన ఊరిని మార్చలేదు. ఊరు కూడా ఆమె చేత తల గొరిగించలేకపోయింది. భార్గవికి అంత విజయం చాలు.

గంగజాతర దృశ్యం పెట్టాలా అని కూడా అడిగారు. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మగవాళ్ళు చీరలు కట్టుకుని, వేషాలు వేసుకుని వీధుల్లో తిరుగుతారు. బండ వేషం నాడు ఎవరు ఎవరినైనా తిట్టవచ్చు. ఏడాది పొడవునా నోరు మూసుకోమని విన్న పిల్లకు అది చూస్తే ఏదో ఒకటి అనిపిస్తుంది, నిజమే. కానీ రంగు ఎక్కువైన దృశ్యం అది, మీ గ్లాసును మింగేస్తుంది. పెడితే అరపేజీ చాలు.

ముందు మూడో అధ్యాయాన్ని పక్కన పెట్టండి. ఒకే ఒక్క దృశ్యం రాయండి: మధ్యాహ్నం, ఎండ, ఆయన పనిలోంచి వచ్చి అరుగు కింద నిలబడ్డాడు. అవ్వకు మోకాళ్ళ నొప్పి, లేవలేక "భార్గవీ, నీళ్ళు పొయ్యి" అంది. భార్గవి చెంబు తీసుకుని వచ్చింది. అక్కడి నుంచి ఆమె చెయ్యి దిగే దాకా, లేదా దిగకుండా ఆగిపోయే దాకా రాసి పంపండి, చదువుతాను. రాసే ముందు ఒకటి మాత్రం తేల్చుకోండి. గాలివాన వచ్చిన రాత్రి చూరు కింది ఆ గ్లాసును ఎవరైనా లోపలికి తెస్తారా, లేక అక్కడే తడవనిస్తారా? తెస్తే ఇంట్లో ఎక్కడ పెడతారు?